ఎల్లలును ఓట్లును



"ఓరుగల్లు సీమలో మన సంఖ్యకు దగిన శాసనసభాస్థానము మనకేల దక్కదు?" అని పలువురు మమ్మడుగుచుందురు. ఉత్తరము జనాభా లెక్కలలో గాక, మేము చిరకాలము తరగతిగోడకు వ్రేలాడదీసి బోధించిన దేశపటమున గలదు.

1984లో పి. వి. నరసింహారావుగారు పోటీచేసి చందుపట్ల జంగారెడ్డిగారి చేతిలో నోడిన హనుమకొండ లోక్‌సభ స్థానము 2008 పునర్విభజనతో నంతరించినది. ఊళ్లు కదలలేదు; ఎల్లలే కదలినవి. ములుగు అడవులనుండి గోదావరి కావలి భద్రాచలము వఱకు వ్యాపించిన మహబూబాబాదు స్థానము అప్పుడే గిరిజనులకు ప్రత్యేకింపబడెను. గిరిజనుల నిష్పత్తి మిక్కుటమైన చోటనే యట్టి స్థానముల నేర్పఱుపవలెనని శాసనము. కోయలు, లంబాడీలు అచ్చట గుంపులుగా వసించుటయే వారికి బలమైనది.

మనమో, ఊరికి నాలుగిండ్లుగా చెదరియున్నారము. సంఖ్య వేఱు, సంహతి వేఱు. కట్టలోపల నిలిచిన చెరువునీరు పంటనిచ్చును. చెలకలపై చల్లిన నింకిపోవును.

కావున కులముపేర నోట్లడుగుట మనకు మేలుగాదు. చెరువు, బడి, బాట మొదలగు ఊరుమ్మడి పనులలో పొరుగువారితో గలసి నిలిచిన వానినే తక్కినవారును "మావాడు" అందురు. మఱియు పునర్విభజన సంఘము ముసాయిదా ప్రకటించి యాక్షేపణలు వినునపుడు, పటము చదువనేర్చిన మన యువతీయువకులను పంపుడు. ఎల్లలు గీసిన పిమ్మట వగచి ఫలములేదు.

ఇంతియే మా విన్నపము.