ప్రకటన లేని యుద్యోగములు – మన కర్తవ్యము



"అయ్యా, ప్రకటనయే లేనప్పుడు దరఖాస్తు ఎక్కడ పెట్టుకొనవలెను?" అని మన కుఱ్ఱవాడొకడు నన్నడిగెను. ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు మూలము.

మనము సమావేశమైన యీ సుబేదారికి నిజాము కాలమున వరంగల్లు సుబాను పాలించిన సుబేదారువలన పేరు వచ్చినది. సుబాలు పోయినవి, సిఫారసు మాత్రము పోలేదు. ఖాళీలను ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజికి తెలుపవలెనని 1959లో చట్టమయ్యెను. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టక, పత్రికలలోను ప్రకటించి అర్హులందఱను విచారింపవలెనని కృష్ణాజిల్లా ఆబ్కారీశాఖ వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. ఆ తీర్పు సర్కారు కొలువుల మాట. ప్రైవేటు సంస్థలలో పెక్కు పనులు ప్రకటనకు ముందే తెలిసినవారి మాటమీద నిండిపోవుచుండును.

అమెరికాలో గ్రానొవెటరను పండితుడు 1973లో ఒక పరిశోధనను ప్రకటించెను. పరిచయస్థుల మూలమున పని దొరకినవారిలో నూటికి సుమారు 17 మందికే తఱచు కలియువారు తోడ్పడిరి. తక్కినవారికి తోడ్పడినది అప్పుడప్పుడో, అరుదుగానో కలియువారు. కారణము స్పష్టము: మన బంధువు లెఱిగిన వార్త మనకును దెలిసియే యుండును, క్రొత్తవార్త దూరపు పరిచయమువలన వచ్చును.

కావున యువకులారా, యువతులారా! పాత యుపాధ్యాయునికి, మీకు ముందు చదివి పనిలో చేరినవారికి అరపుటలో ఉత్తరము వ్రాయుడు. ఉద్యోగమిమ్మని కాదు, సలహా యిమ్మని యడుగుడు. "బి.కాం. ప్యాసైతిని" అనుటకంటె "ఒక దుకాణపు ఏడాది లెక్కలు నేను సరిచేసితిని" అనుట మేలు. లింక్డిన్‌లోనైనను ఇదియే వ్రాయుడు. సలహా యిచ్చినవారికి ఫలితమును మరల తెలుపుడు. ఉద్యోగమిప్పింతునని ముందుగా రొక్కమడుగువానిని దరిజేరనీయకుడు.

పోషకులారా! మీతోడను ఒకమాట. మీ దుకాణమునగాని మిల్లునగాని ఖాళీ యేర్పడినప్పుడు మొదట మీ యల్లునికి చెప్పుదురు. ఈ సభలోనే వెనుక వరుసను గూర్చున్న వితంతువు కుమారునికి ఆ మాట చేరదు. ఒకే కులములో పుట్టియు వార్త యందనివాడు మనకు పరాయివాడే యగుచున్నాడు. ఇక మనవారిని మాత్రమే పిలుచుకొందుమన్నచో అది యితరులకు తలుపు మూయుట. మనకు తలుపులు మూసిన దినములను మఱచితిమా?

కనుక నేను కోరునది చిన్నపని. ప్రతి ఖాళీని, జీతముతోను అర్హతలతోను, కాగితముమీద వ్రాసి మన సంఘ కార్యాలయపు వీధిగోడకు అంటింపుడు. ఏ కులమువాడైనను చదువుకొనుగాక. పరిచయము వాకిటివఱకే తోడువచ్చును. అటుపిమ్మట పనితనమే నిలువబెట్టును.

ఈ సభ ముగియకమునుపే ఆ గోడపై మొదటి కాగితము కనబడునని యాశించుచున్నాను.