బిల్లు చదివిన అమ్మాయి

(ఉపకారవేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు చదువు విలువ గురించి నాలుగు మాటలు చెప్పమని ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. ఆ విలువ మీకు తెలియదని నేను అనుకోను. తెలియకపోతే ఈ ఎండలో ఇంత దూరం వచ్చి కూర్చోరు. అందుకని ఉపన్యాసం పక్కనబెట్టి, మా కుటుంబం 2003 వేసవిలో చేసిన ఒక ప్రయాణం సంగతి చెబుతాను.

మాది ధర్మపురిలో చిన్న దుకాణం. ఏడాది పొడుగునా గాజులు, పూసలు అమ్మేవాళ్లం. నవరాత్రులు వస్తే బొమ్మల కొలువుకు బొమ్మలు పెట్టేవాళ్లం. అసలు ఆదాయం ఆ నెలరోజులదే. కొలువు పెట్టే ఇళ్లవాళ్లు ప్రతి ఏడూ ఒక కొత్త బొమ్మ కొంటారు కదా, పోయిన ఏడు లేనిది ఈ ఏడు చూపించాలి. పన్రుటి బొమ్మలు మన ఊళ్లో అందరి దగ్గరా దొరుకుతాయి. అందువల్ల మా నాయన ఆ ఏడు ఆంధ్ర తీరం వైపు వెళ్లి కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు, నర్సాపురం లేసు తెద్దామన్నాడు. వట్టి వ్యాను ఎందుకని చన్నపట్నం నుంచి లక్క బొమ్మలు తెచ్చి నింపాడు. దారిలో గుళ్ల దగ్గర అమ్ముకుంటూ పోవడం, వచ్చేటప్పుడు సరుకు వేసుకుని రావడం, ఇదీ ఆలోచన.

నేను అప్పుడే ప్లస్ టూ పరీక్షలు రాశాను. ఫలితాలు ఇంకా రాలేదు. వస్తే ఏమిటన్నది మాత్రం ఇంట్లో తేలిపోయి ఉంది. తమ్ముడు చదువుతాడు, నేను దుకాణంలో కూర్చుంటాను. ఇద్దర్నీ చదివించే స్తోమత లేదు. ఎవరూ నన్ను కోప్పడి చెప్పలేదు. అందరి ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరుగుతోంది, అంతే.

ఏప్రిల్ నెలాఖరులో నాయన, అమ్మ, నేను, తమ్ముడు బయల్దేరాం. కృష్ణగిరి, వేలూరు, చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దగ్గర పెద్ద రోడ్డు. అక్కడి నుంచి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ. మొత్తం పోను సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు. అప్పుడు ఆ రోడ్డును నాలుగు వరుసలు చేస్తున్నారు, ఎక్కడ చూసినా కంకర, దుమ్ము. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి పదింటికల్లా ఏ చెట్టు కిందో ఆగిపోయేవాళ్లం. ఎండ మనుషులకే కాదు, సరుకుకూ పడదు. వేడికి లక్క మెత్తబడితే ఒక బొమ్మ ఇంకో బొమ్మకు అంటుకుంటుంది. అమ్మ ఒక్కొక్క బొమ్మనూ పాత పేపర్లో విడివిడిగా చుట్టి పెట్టింది. మేము ఇల్లు చేరిన తర్వాత మే నెలలో ఆంధ్రలో వడగాడ్పులు మొదలై ఆ ఏడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ వార్తలు చదివినప్పుడు మేము ఆగిన చెట్లన్నీ గుర్తొచ్చాయి.

నెల్లూరు దాటాక మన మాట విని జనం నవ్వడం మొదలుపెట్టారు. "ధర ఎంత ఉండాది?" అని నాయన అడిగితే "మీరు యే ఊరోళ్లండీ?" అనేవాళ్లు. ధర్మపురి అంటే కరీంనగర్ వైపున్న నరసింహస్వామి ధర్మపురి అనుకునేవాళ్లు. తమిళనాడు అంటే ఇంకా ఆశ్చర్యం. మన నుంగు వాళ్లకు ముంజ. ఒకే కాయ తింటూ రెండు పేర్లు నేర్చుకున్నాం.

కొండపల్లిలో బొమ్మ ఎలా పుడుతుందో చూశాం. తెల్లపొణికి అనే తేలికైన కర్రను ఆరబెట్టి, ఒళ్లు ఒక ముక్క, చెయ్యి ఒక ముక్క, ఏనుగు తొండం ఒక ముక్కగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మీద సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే మనిషి, అన్నీ కొన్నాం. ఒక ఇంట్లో నలుగురూ నాలుగు పనులు చేస్తున్నారు. ఆడవాళ్లు రంగులు వేస్తున్నారు.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. అప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడొక పెద్దాయన మా వ్యానులోని చన్నపట్నం బొమ్మను చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, వాసన చూసి "ఇదీ మా అంకుడు కర్రే కదయ్యా" అన్నాడు. నిజమే. చన్నపట్నంలో ఆలెమర అంటారు, ఏటికొప్పాకలో అంకుడు అంటారు, మన తమిళంలో వెప్పాలై అంటారు. చెట్టు ఒకటే. మన ధర్మపురి కొండల్లోనూ ఉంది. పని కూడా ఒకటే. తిరిగే కర్రకు రంగు లక్క బిళ్లను ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటివాటి రంగులు మళ్లీ ఆ ఊళ్లోకి తెచ్చిన చింతలపాటి వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

తిరుగు ప్రయాణంలో కోనసీమ మీదుగా వచ్చి, సఖినేటిపల్లి రేవులో వ్యానును పంటు మీద ఎక్కించి, గోదావరి దాటి నర్సాపురం చేరాం. నేను చెప్పదలచుకున్న సంగతి ఇక్కడిదే.

నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు సన్నని కొక్కెం సూదితో నూలు దారాన్ని లేసుగా అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని ఇది. ఆ అల్లికలు విదేశాలకు పోతాయి. వ్యాపారి నూలు ఇస్తాడు. ఆడవాళ్లు ఇంటి అరుగు మీద అల్లుతారు. మధ్యలో మనిషి వచ్చి తీసుకుపోతాడు. కూలి అల్లిన నూలు లెక్కన. మేము ఒక వ్యాపారి దగ్గర బల్లగుడ్డలు, జాకెట్ల మెడపట్టీలు కొన్నాం. రవాణా ఖర్చు తనదేనని ఆయన నోటితో చెప్పాడు. బిల్లు తెలుగులో రాసిచ్చాడు. నాయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం, కాని తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. నాయన లెక్కల పుస్తకం తెలుగు మాటల్లోనే ఉండేది, తమిళ అక్షరాల్లో. తమిళంలో గకు, కకు ఒకటే అక్షరం కాబట్టి గాజులు కాజులయ్యేవి. ఇంట్లో మాకు అది చాలింది. ఊరు దాటేవరకు చాలింది.

ఆ సాయంత్రం మెడపట్టీలు ఇంకొన్ని కావాలని పక్క పల్లెకు వెళ్లాం. ఒక ఇంటి అరుగు మీద తల్లీకూతుళ్లు అల్లుతున్నారు. మేము కొన్న రకమే వాళ్ల ఒళ్లో ఉంది. ఇదేనా కాదా అని సరిచూసుకోవడానికి నాయన బిల్లు తీశాడు.

"చదవను రాదమ్మా మాకు, మాట్లాడను మటుకే వస్తాది" అన్నాడు.

"ఇటివ్వండి, నేను చదువుతాను" అంది ఆ అమ్మాయి. తొమ్మిదో తరగతి చదువుతోందట. పైనుంచి కింది దాకా గడగడా చదివేసింది. మెడపట్టీ ధర చదివాక ఒక్క క్షణం ఆగి అమ్మ వైపు చూసింది. తల్లి చేతిలో సూది ఆగిపోయింది. తన కూలి ఆ ధరలో ఐదో వంతు కూడా లేదని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లు అల్లింది, ఎంతకు అమ్ముడుపోతోందో ఎవరూ ఆమెకు చెప్పలేదు. నూలుకు, సాపు చేయించడానికి వ్యాపారికీ ఖర్చు ఉంటుంది. అది తీసేసినా లెక్క కుదరలేదు.

బిల్లు చివర చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. రవాణా ఖర్చు కొన్నవారిదే అని.

నాయన లేచాడు. ఇప్పుడే పోయి అడుగుతానన్నాడు. అప్పుడు ఆ తల్లి రెండు చేతులూ పట్టుకుని "అన్నయ్యగారూ, మా పిల్ల చదివిందని మాత్రం చెప్పకండి. మాకు నూలు ఇవ్వరు" అంది. మాకు చదవను రాదని ఆ వ్యాపారికి తెలుసు. నాయన పోయి అడిగితే, చదివింది ఎవరని మొదటి ప్రశ్న వస్తుంది. మేము అక్కడి నుంచే ఆ పల్లెకు పోయామని కూడా ఆయనకు తెలుసు.

నాయన కొంచెంసేపు నిలబడి, బిల్లు మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రవాణా డబ్బు మేమే కట్టాం. మా లెక్కకు అది చిన్న మొత్తమేమీ కాదు. అమ్మ ఒక్క మాట అనలేదు.

విద్యార్థులారా, ఆ పిల్లకు చదవడం వచ్చు. చదివింది పైకి చెప్పే వీలు లేదు. ఎందుకంటే ఎవరి బిల్లు చదివిందో, వాళ్లమ్మ అన్నం ఆ చేతిలోనే ఉంది. అక్షరం రావడం మొదటి మెట్టు. చదివిన మాటను నిలబడి అడగగలిగే చోటికి చేరడం రెండో మెట్టు. మొదటి మెట్టు మీ ఇంట్లోవాళ్లు, మీ బడి ఎక్కించారు. ఈ ఉపకారవేతనం రెండో మెట్టు కోసం.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇదే నర్సాపురం లేసు పనివాళ్ల మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. నేను చాలా ఏళ్ల తర్వాత దాని గురించి తెలుసుకున్నాను. ఆమె చెప్పిన ముఖ్యమైన విషయం ఇది. ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్నా, అందరూ వాళ్లను ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులనే అనుకుంటారు, అల్లికను తీరిక వేళ కాలక్షేపం అంటారు. పని కాదన్నప్పుడు దానికి కూలి అడగడం ఎలా? నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు వాడుకోవాలంటే అల్లే మనిషి పేరు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ దరఖాస్తు చదివి నింపేవాళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి.

మచిలీపట్నం మీదుగా వస్తూ ఒక రాత్రి నాయన వ్యాను నడుపుతూనే అమ్మతో అన్నాడు: "దీన్ని కాలేజీలో చేరుస్తాం. లెక్కలు చదవనీ." అంతకుమించి ఏమీ అనలేదు. ఆ నవరాత్రులకు కొండపల్లి ఏనుగులు బాగా అమ్ముడయ్యాయి, ఫీజుకు సరిపోయింది. రెండో ఏడు సరిపోలేదు. అప్పు చేశారు. నేను బి.కాం. పూర్తి చేసి, ఇప్పుడు మన ఊళ్లోనే చిన్న దుకాణాలవాళ్లకు లెక్కలు, పన్ను పత్రాలు రాసిచ్చే పని చేస్తున్నాను. ఎవరైనా బిల్లు మడిచి జేబులో పెట్టుకోబోతే "ఒకసారి ఇలా ఇవ్వండి" అంటాను. నర్సాపురం అమ్మాయి ఏమైందో నాకు తెలియదు. ఊరి పేరు కూడా అడిగి రాసుకోలేదు మేము.

తల్లిదండ్రులకు మూడు మనవులు. మొదటిది, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాం, చాలు అనుకోకండి. బడిలో తమిళం బాగా నేర్పిస్తారు, నేర్చుకోవలసిందే. రోజుకు పావుగంట తెలుగు అక్షరాలు కూడా దిద్దించండి. ఒక సెలవుల్లో వచ్చేస్తాయి. రెండోది, చేతిపని చేసే ఇళ్లవాళ్లు ప్రభుత్వ పథకాల కాగితాలు పిల్లలతో చదివించుకోండి. కేంద్రం 2023 సెప్టెంబరులో విశ్వకర్మ పథకం తెచ్చింది, అందులోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. మన రాష్ట్రం దాన్ని అమలు చేయకుండా 2025లో కలైజ్ఞర్ కైవినై తిట్టం ప్రారంభించింది. అందులో మూడు లక్షల రూపాయల వరకు రుణం, 25 శాతం రాయితీ, గరిష్ఠంగా 50 వేలు అని ప్రకటించారు. వయసు నిబంధన, షరతులు చివరి పంక్తి దాకా చదవండి. అసలు సంగతి చాలాసార్లు చివరి పంక్తిలోనే ఉంటుంది.

మూడోది, ఇద్దరు పిల్లలుండి ఒకరికే డబ్బు ఉంటే, ఎవరు దుకాణంలో కూర్చోవాలన్నది పిల్లలు పుట్టగానే తేల్చెయ్యకండి. అడగండి. ఇలాంటి ట్రస్టులు ఉన్నది ఆ రెండో బిడ్డ కోసమే. మా నాయనకు అప్పట్లో ఇలాంటి చోటు ఉందని తెలియదు.

నిన్న ట్రస్టు కార్యాలయంలో ఈ ఏటి దరఖాస్తులు చూశాను. తల్లి వృత్తి అనే గడిలో ఎక్కువమంది "ఏమీ లేదు" అని రాశారు. నాకు తెలిసిన ఇళ్లే. ఒకరు పూలు కడతారు, ఒకరు బుట్టలు అల్లుతారు, ఒకరు తెల్లవారుజామున లేచి ఇడ్లీలు వేసి అమ్ముతారు. వచ్చే ఏటి దరఖాస్తు మీరు సొంతంగా నింపుతారు కదా, ఆ గడిలో అమ్మ చేసే పని పేరు రాయండి.