జబ్బు ముదరకముందే పరీక్ష: అలాస్కా ఆదివాసీలు చూపిన దారి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అంటే మనకు డోలు, కొమ్ముబూర, థింసా, గుస్సాడీ గుర్తొస్తాయి. మన భాష గురించి, భూమి గురించి పెద్దలు చెప్పారు. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నలుగురిలో ఎవరూ ఎత్తని జబ్బు ఒకటుంది, దాని గురించే మాట్లాడతాను. అది పెద్దపేగు క్యాన్సర్. దాన్ని పట్టుకునే పరీక్ష మల పరీక్ష. నవ్వొస్తే నవ్వండి, కానీ వినండి.

మనలో కోయ, గోండు, కొలాం, సవర, జాతాపు, కొండరెడ్డి ఉన్నట్టే అమెరికాలోని అలాస్కాలో యూపిక్, ఇనూపియట్, అథబాస్కన్ వంటి ఆదివాసీ జాతులున్నాయి. ప్రపంచంలో నమోదైన లెక్కల్లో పెద్దపేగు క్యాన్సర్ అందరికంటే ఎక్కువగా వచ్చేది వాళ్లకే. అక్కడి తెల్లవాళ్లతో పోలిస్తే రెట్టింపుకు పైనే. వాళ్ల గూడేలు చాలావాటికి రోడ్డు లేదు. చిన్న విమానమో, పడవో, మంచు మీద నడిచే బండో ఎక్కాలి. పెద్దాసుపత్రి ఎక్కడో యాంకరేజ్ నగరంలో ఉంటుంది. వానాకాలంలో వాగు దాటలేక డోలీ కట్టే మనకు ఈ కష్టం వేరే చెప్పాలా?

ఈ జబ్బు ఒక్కరోజులో వచ్చేది కాదు. పేగు లోపలి గోడ మీద ముందు చిన్న బుడిపె వస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది. ఈ పదేళ్లలో ఎప్పుడు కనిపెట్టినా, కొలనోస్కోపీ గొట్టం పంపి ఆ బుడిపెను తీసేయవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి మనిషి తనంతట తాను ఆసుపత్రికి రాడు. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే పిలిచి పరీక్ష చేయాలి. మన గూడేల్లో సికిల్ సెల్ పరీక్ష చేస్తున్నది కూడా ఇలాగే కదా!

మరి చిన్న క్లినిక్‌లలో ఈ పరీక్ష ఎందుకు జరగదు? జ్వరమని వచ్చిన మనిషికి డాక్టరు జ్వరమే చూస్తారు, వెనక ఇరవై మంది వరుసలో ఉంటారు. పేషెంటు సిగ్గుతో అడగడు. ఎవరికి పరీక్ష చేశారో, ఎవరికి చేయలేదో జాబితా ఉండదు. చీటీ రాసిచ్చినా, ఆ మనిషి వెళ్లాడో లేదో ఎవరూ చూడరు.

అలాస్కా వాళ్లు ఈ చిక్కుముళ్లను ఒక్కొక్కటిగా విప్పారు. అమెరికాలో మామూలుగా 45 ఏళ్లకు పరీక్ష మొదలుపెట్టమంటే, వాళ్లు తమవారికి 40కే మొదలుపెట్టారు. పాత మల పరీక్ష వాళ్లకు సరిగా పనిచేయలేదు. అక్కడ చాలామందికి కడుపులో హెచ్. పైలోరి అనే సూక్ష్మజీవి వల్ల పుండు పడి, ఆ రక్తం కూడా పరీక్షలో తగిలేది. అందుకని ‘ఫిట్’ అనే పరీక్ష వైపు మళ్లారు. ఇది కింది పేగులో కారిన రక్తాన్నే ప్రధానంగా పడుతుంది. పథ్యం అక్కర్లేదు. ఇంట్లోనే కొంచెం మలం తీసి గొట్టంలో పెట్టి ఇస్తే చాలు, ఏడాదికోసారి. అందులో తేడా కనిపిస్తే మాత్రం కొలనోస్కోపీ తప్పదు.

సహాయకులను పెట్టారు. వాళ్లు ఫోన్ చేసి గుర్తుచేస్తారు, పేగు శుభ్రం చేసుకునే మందు ఎలా తాగాలో చెబుతారు, ప్రయాణం ఏర్పాటు చూస్తారు. జబ్బు వచ్చినవారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ప్రమాదం ఎక్కువ కనుక వాళ్లను వెతికి పిలుస్తారు. సిగ్గు పోగొట్టడానికి మనిషి లోపలికి దూరి నడిచేంత పెద్ద గాలి బొమ్మ పేగు చేయించి, ‘నోలన్ ద కోలన్’ అని పేరు పెట్టి ఊరూరా తిప్పారు.

ఇలా వెంటపడితే ఫలితం ఉంటుందా? ఉంటుంది. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థ ఫిట్ కిట్లను టపాలో ఇళ్లకే పంపింది. పరీక్ష చేయించుకున్నవారు 2000లో నూటికి 39 మంది ఉంటే 2015కు 83 మంది అయ్యారు. అదే కాలంలో అక్కడ ఈ జబ్బుతో చనిపోయేవారు సగానికి పైగా, కొత్తగా జబ్బు పడేవారు నాలుగో వంతు తగ్గారు.

ఇక మన సంగతి. మన దేశంలో ఈ క్యాన్సర్ అలాస్కా అంత ఎక్కువ లేదు. ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరీక్షలు పెట్టింది. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. కాబట్టి ఊరందరికీ ఫిట్ చేయమని నేను అడగడం లేదు. కానీ మలంలో రక్తం పడితే మనం ‘మొలలే’ అనుకుని సంతలో పసరు కొంటాం, బోర్డు పెట్టినవాడి దగ్గర సూది వేయించుకుంటాం. అక్కడే ఏడాది గడిచిపోతుంది. చాలాసార్లు అవి మొలలే కావచ్చు. కానీ ఆ మాట పరీక్ష చేసిన డాక్టరు చెప్పాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేయగలిగిన పనులు నాలుగున్నాయి.

ఒకటి, ఇంట్లో మన భాషలోనే అడగండి. రక్తం పడటం, వారాల తరబడి దొడ్డికి వెళ్లే తీరు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పెద్దవాళ్లలో రక్తం తగ్గిపోవడం – వీటిలో ఏది ఉన్నా ముందు పీహెచ్‌సీకి తీసుకెళ్లండి.

రెండు, మీ వంశంలో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా, ఏ వయసులో వచ్చిందో కనుక్కుని డాక్టరుకు చెప్పండి.

మూడు, పెద్దాసుపత్రికి రాసినప్పుడు తోడు వెళ్లండి. చీటీ చదవడం, లైనులో నిలబడటం, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో అడగడం మీకు తెలుసు, తాతకు తెలియదు. అలాస్కాలో సహాయకులు చేసే పని అదే.

నాలుగు, ఆశా అక్క ఫారం పట్టుకుని వస్తే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి నింపించండి. ఇప్పుడున్న పరీక్షలనైనా వదులుకోవద్దు.

అలాస్కా గూడేల్లో ఈ పని బయటివాళ్లు వచ్చి చేసింది తక్కువ. క్షయ రోగం ఊళ్లను తినేస్తున్న రోజుల్లో మొదలై, 1968లో ప్రభుత్వ గుర్తింపు పొందిన గ్రామ ఆరోగ్య సహాయకులు ఆ ఊరి పిల్లలే. నర్సింగో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చదువుతున్నవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. చదువు అయ్యాక మీలో కొందరైనా మన పీహెచ్‌సీలకు రండి. గోండిలో, కోయలో, సవరలో అడిగే మనిషి అక్కడ ఉంటే మన అమ్మ సిగ్గు విడిచి చెబుతుంది.

జై ఆదివాసీ!