వెన్నెముకను చూపు ధ్వని



శస్త్రచికిత్సతో కాన్పు చేయుటకు ముందు తల్లి నడుమున మత్తుసూది వేయుదురన్నది ఎల్లరును ఎరిగినదే. ఆ సూది పోవలసిన త్రోవ రెండు వెన్నుపూసల మధ్యనున్న ఇరుకు సందు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ ఈ పద్ధతిని ప్రయోగించిన నాటినుండి వైద్యులు ఆ సందును వ్రేళ్లతో తడిమియే గుర్తించుచు వచ్చిరి. తుంటి ఎముకల పైఅంచులను కలుపుచు ఒక గీతను ఊహించుకొని, దాని ఆధారమున పూసలను లెక్కించుదురు. తల్లి స్థూలకాయురాలైనను, వెన్ను వంకరగా నున్నను ఈ లెక్క తప్పవచ్చును. పెద్దవారిలో వెన్నుపాము సాధారణముగా నడుములోని మొదటి, రెండవ పూసల వద్ద ముగియును; సూది దానికి దిగువనే పోవలెను. కావున ఒక్క పూస తేడాయైనను స్వల్పము కాదు.

ఇచ్చటనే, సులువుగా మోసికొనిపోదగిన అల్ట్రాసౌండు యంత్రము తోడ్పడుచున్నది. సెకనుకు 20,000 కంపనములు మించిన ధ్వని మానవుని చెవికి వినబడదు. నడుమును పరీక్షించునపుడు ఈ యంత్రము సెకనుకు 20 నుండి 50 లక్షల కంపనములు గల ధ్వనిని దేహములోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులతో బొమ్మను కూర్చును.

అయితే ఎముక ఈ ధ్వనిని దాటనీయదు. తెరపై ఎముక అంచు తెల్లని గీతవలె మెరయును. దాని వెనుక నల్లని నీడ పడును. ఇది లోపముగా తోచినను, వైద్యుడు వెదకునది సందునే కదా! నీడల మధ్య లోపలి పొరలు కనబడిన చోటు ఆ సందు. త్రికాస్థినుండి పైకి పూసలను లెక్కించి, చర్మముపై గుర్తుపెట్టి, సూది పోవలసిన లోతును సైతము కొలువవచ్చును. తొలి నెలల పసికందులలో పూసల వెనుకభాగము ఇంకను పూర్తిగా ఎముకగా మారదు గనుక, వెన్నుపాము కూడ కనబడును. ఎక్స్-రే కిరణముల బెడదయు లేదు. పెద్దవారిలో నరముల ఒత్తిడిని, పూసల మధ్య చక్రముల జబ్బును చక్కగా చూచుటకు మాత్రము ఎమ్మారై పరీక్షయే శరణ్యము.

ఎచ్చటికైనను కొనిపోగల సులువు దుర్వినియోగమునకును దారితీసెను. గర్భములోని ఆడశిశువును గుర్తించి కడతేర్చు దురాచారమును అరికట్టుటకై భారత పార్లమెంటు 1994లో లింగనిర్ధారణను నిషేధించుచు చట్టము చేసెను. అందుచే వెన్నును చూచుటకై వాడు యంత్రమునకును నమోదు తప్పదు. ఈ కట్టుబాటు వైద్యునకు కొంత శ్రమ కలిగించినను, దాని వెనుకనున్న కారణము మరువరానిది.

యంత్రమున్నను ఇంటివారి వంతు పని మిగిలియే యున్నది. తల్లికి వెన్ను వంకరయున్నచో, మునుపు నడుమునకు శస్త్రచికిత్స జరిగియున్నచో, ఆ సంగతిని మత్తు వైద్యునకు ముందుగనే తెలుపవలెను.