ఉత్తుత్తి ప్రేమ



ఈమధ్య కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు చదువుతున్న ఇంగ్లీషు నవలల్లో ఒక కొత్త తెగ కనబడుతోంది. వాటిని హాకీ రొమాన్సులంటారు. హాకీ అనగానే మనకు ధ్యాన్‌చందూ, పచ్చగడ్డి మైదానమూ గుర్తుకొస్తాయి. ఇది ఆ హాకీ కాదండీ. కెనడాలోనూ, అమెరికాలోనూ గడ్డకట్టిన మంచు మీద స్కేట్లు తొడుక్కుని ఆడే ఆట. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం గల నల్లటి రబ్బరు బిళ్ళను కర్రతో కొడతారు. అవతలివాణ్ణి భుజంతో గుద్ది అంచు గోడకు నెట్టడం కూడా ఆటలో భాగమేనట! అంతటి మోటు ఆటగాడు ఒక పిల్ల దగ్గరకు వచ్చేసరికి మెత్తబడిపోతాడు. ఈ నవలల కిటుకంతా అదే.

వాటిలో బాగా పేరొచ్చిన నవల ‘ది డీల్’. అంటే ఒప్పందం అన్నమాట. 2015లో వచ్చింది. రాసినావిడ ఎల్ కెనడీ, టొరాంటో శివార్లలో పెరిగిన కెనడా రచయిత్రి.

కథ అమెరికాలో బ్రయర్ అనే కల్పిత విశ్వవిద్యాలయంలో జరుగుతుంది. గ్యారెట్ హాకీ జట్టు కెప్టెను. నీతిశాస్త్రం పరీక్ష తప్పాడు. మార్కులు తెచ్చుకోకపోతే ఆడనివ్వరు. అదే పరీక్షలో సంగీతం చదివే హన్నాకు బ్రహ్మాండమైన మార్కులొచ్చాయి. పాఠం చెప్పమని వెంటపడ్డాడు. ఆ పిల్ల ససేమిరా అంది. ఆమె మనసు జస్టిన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి మీద ఉంది. అతగాడేమో ఈమె వంక చూడడు. అది కనిపెట్టి గ్యారెట్ బేరం పెట్టాడు. నువ్వు నాకు పాఠం చెప్పు, నేను నీతో తిరుగుతున్నట్టు నలుగురికీ కనబడతాను, అప్పుడు వాడే నీ వైపు చూస్తాడు అని.

ఇందులో కొత్తేముందమ్మా, మన ‘మిస్సమ్మ’లో లేదా అంటారు కదూ? 1955 నాటి ఆ సినిమాలో రామారావూ, సావిత్రీ ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని చెప్పి జమీందారుగారి బళ్ళో చేరారు. అక్కడ పొట్టకూటి కోసం, ఇక్కడ మార్కుల కోసం. చివరికేమవుతుందో రెండింట్లోనూ మొదట్లోనే తెలిసిపోతుంది. తెలిసీ చూస్తాం, తెలిసీ చదువుతాం.

అయితే ఈ నవలని నేను చివరిదాకా చదివింది ఆ బేరం కోసం కాదు. హన్నా కోసం. హైస్కూల్లో ఉండగానే ఒక పార్టీలో ఆ పిల్ల మీద అత్యాచారం జరిగింది. తల్లిదండ్రులు నోరు మూసుకు కూర్చోలేదు, న్యాయం కోసం పోరాడారు. కాని ఆ కుర్రాడి తల్లి ఊళ్ళో పలుకుబడి గలది. ఊరంతా అటే చేరింది. వీళ్ళకు మిగిలింది అప్పులు. ఆ అప్పుల మూలాన తల్లిదండ్రులు ఊరు వదిలి వెళ్ళలేరు, హన్నా ఆ ఊళ్ళో అడుగు పెట్టలేదు. సెలవులొచ్చినా ఇంటికి పోలేని ఆడపిల్ల! ఆటగాళ్ళ వేళాకోళాల మధ్య ఈ సంగతి చదివేసరికి నాకు మనసు చివుక్కుమంది.

ఇప్పుడు ఆ ఉత్తుత్తి ప్రేమ ఆ పిల్లకు ఏం చేసిందో చూడండి. నిజం ప్రేమలో ఎవరూ షరతులు మాట్లాడుకోరు. అంతా చూపుల్లోనే అర్థం కావాలంటారు. సగం అనర్థాలు అక్కడే మొదలవుతాయి. వీళ్ళది ఒప్పందం గనుక ప్రతిదీ నోటితో చెప్పుకోవాల్సి వచ్చింది. ఏం కావాలి, ఎంతవరకు, ఎందుకు. కాదు అనే మాటకు విలువ ఉందని తెలిశాక హన్నాకు ధైర్యం వచ్చింది. ఆ అత్యాచారం మిగిల్చిన ఇబ్బందిని దాటడానికి సాయం చెయ్యమని తనే నోరు తెరిచి అడుగుతుంది. అతనూ తొందరపడడు. కెప్టెనుగా మంచు మీద అతనెంత దూకుడుగా ఉంటాడో, ఇక్కడ అంత నిదానం.

నాకు నచ్చనిది తరువాత వస్తుంది. గ్యారెట్ తండ్రి ఒకప్పటి గొప్ప హాకీ ఆటగాడు, ఇంట్లో మాత్రం చెయ్యి చేసుకునే మనిషి. ఆయన హన్నా దగ్గరకొచ్చి, మా వాణ్ణి వదిలెయ్యి, లేకపోతే వాడికిచ్చే డబ్బు ఆపేస్తానంటాడు. ఆమె గ్యారెట్‌తో ఒక్క మాటైనా సంప్రదించకుండా, వేరే సాకు చెప్పి విడిపోతుంది. లోకంతో అబద్ధమాడుతున్నన్నాళ్ళూ ఒకరితో ఒకరు నిజం చెప్పుకున్న జంట, నిజంగా ప్రేమించుకున్నాక అబద్ధంలో పడ్డారు. త్యాగం అనిపించేలా రాశారుగాని, అది అతని బతుకు గురించి అతన్నే అడక్కుండా తేల్చెయ్యడం. మన ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళం ఆ పని ఎంత మంచి మనసుతో చేస్తామని!

ఇంకో మాట. ఇందులో పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండానే ఉన్నాయి. పెద్దపిల్లల పుస్తకమే గాని స్కూలు పిల్లలకు కాదు. మీ అమ్మాయి ఫోనులో కనబడితే కళ్ళెర్రజేసి లాక్కోకండి. ఒకసారి అడిగి తీసుకుని మీరే చదవండి. ఒక అధ్యాయం ఆమె గొంతుతో, ఇంకొకటి అతని గొంతుతో సాగుతుంది. ఇంగ్లీషు అంత కష్టమైనదేమీ కాదు, నాబోటి మెట్రిక్యులేషన్ మనిషికే పట్టుబడింది. చదివాక హన్నా అలా విడిపోవడం సబబేనా అని అమ్మాయినే అడగండి.

సెలవు.