ఆసుపత్రి వరండాలో ఇయాదత్





గత మాసంలో మన మొహల్లాకు చెందిన ఒక వృద్ధురాలిని, ఆమె కుమారునితో కలసి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాము. ఓపీ చీటీ కోసం ఒక వరుస, డాక్టరు గది ముందు మరొక వరుస, రక్తపరీక్షకు డబ్బు కట్టడానికి ఇంకొక వరుస. జుహ్ర్ వేళకు కూడా ఆమె వరండాలో నేలమీదే కూర్చుని ఉన్నది. ఎట్టకేలకు లోపలికి పిలిచిన డాక్టరు కాగితాల మీద నుంచి తల ఎత్తకుండానే తెలుగులో రెండు ప్రశ్నలు వేశారు. ఆమెకు ఉర్దూ తప్ప మరో భాష రాదు. కుమారుడు రిపోర్టు కోసం కింది అంతస్తుకు వెళ్ళి ఉన్నాడు. మేము కలుగజేసుకుని ఆమె మాటను తెలుగులో చెప్పబోయేలోగా మందుల చీటీ చేతికి వచ్చింది, తరువాతి రోగిని పిలిచారు. తిరిగి వస్తూ ఆమె మాతో అన్నది ఒకే మాట: "మౌలానా సాబ్, నొప్పి ఎక్కడో ఆయన అడగనేలేదు!"

దీనికి జవాబుగా సబ్ర్ చేయమని చెప్పడం మాకు సులభమే. మింబర్ మీద నుంచి అయ్యూబ్ (అలై) గాథను ఎన్నోసార్లు వినిపించాము. కాని అయ్యూబ్ (అలై) సహించినది అల్లాహ్ పంపిన పరీక్షను. ఆ తల్లిని ఉదయమంతా నేలపై కూర్చోబెట్టినది వ్యాధి కాదు, మనుషులు, మనుషుల ఏర్పాట్లు. ఈ రెంటినీ ఒకటిగా కలిపి, సహనం పేరుతో బాధితుల నోరు మూయించడం ధర్మబోధ అనిపించుకోదు. అయ్యూబ్ (అలై) సైతం తన బాధను దాచుకోలేదు, తన ప్రభువుకు విన్నవించుకున్నారు.

ఖందఖ్ యుద్ధంలో సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. దగ్గరగా ఉంటే తరచుగా పరామర్శించవచ్చునన్నదే దానికి కారణం. గాయపడినవారికి శుశ్రూష చేసే రుఫైదా (రజి) అనే మహిళ సంరక్షణలో ఆయన ఉన్నారు. ప్రవక్త (స) ఆ దారిన వెళ్తూ ఉదయం ఎలా ఉందని ఒకసారి, సాయంత్రం ఎలా ఉందని మరొకసారి అడిగేవారు. సైన్యాన్ని నడిపి, నగరాన్ని పాలించే మనిషికి ఇందుకు తీరిక దొరికింది! సఅద్ (రజి) కోలుకోలేదు. గాయం తిరిగి తెరుచుకుని మరణించారు. కాని పలకరించేవారు లేని రోగిగా మరణించలేదు.

అవతలి పక్షం గురించి కూడా న్యాయంగా మాట్లాడవలసి ఉన్నది. మేము చూసిన వార్డులో రోగులందరికీ నర్సు ఒక్కతే. రాత్రంతా మేలుకొన్న హౌస్ సర్జన్ నిలబడే టీ తాగుతున్నాడు. మనవాళ్ళు ఆవేశంలో డాక్టర్లపై చేయి చేసుకోవడం, అద్దాలు పగులగొట్టడం హరామ్. కోపంలోనూ న్యాయం తప్పరాదని దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరా ఆదేశిస్తున్నది.

స్ట్రెచర్ తోసినందుకు, పుట్టిన బిడ్డను చూపినందుకు డబ్బు అడుగుతున్నారు, ఇస్తే మాకు పాపమా అని పలువురు మమ్మల్ని అడుగుతుంటారు. మరో దారి లేక, తనకు న్యాయంగా రావలసిన దాని కోసం ఇచ్చినవానిపై కాక, తీసుకున్నవానిపైనే పాపమని అనేకమంది ఫుఖహాలు చెప్పారు. ఈ సఫ్‌లలో కూర్చున్నవారిలో వార్డుబాయ్‌లూ, ల్యాబ్ ఉద్యోగులూ, మెడికల్ షాపులవారూ ఉన్నారు. ఆ జవాబులోని రెండవ సగం వారి కోసం.

అన్నిటికంటే దుస్సహమైనది మయ్యిత్ విషయం. జనాజాలో జాప్యం చేయవద్దని ప్రవక్త (స) ఆజ్ఞ. బిల్లు బకాయి ఉన్నదని మయ్యిత్‌ను అప్పగించక, కుమారులను అర్ధరాత్రి అప్పుల కోసం తిప్పిన సంఘటన మా కళ్ళెదుటే జరిగింది. బిల్లు వివాదం పేరిట మయ్యిత్‌ను ఆపరాదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం స్పష్టంగా చెబుతున్నది. రోగి రికార్డులు అడిగితే 72 గంటలలో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్యవృత్తి నియమావళి. ఈ సంగతులు ఆ రాత్రి ఆ కుమారులకు తెలియవు. నిజం చెప్పాలంటే, అప్పటికి మాకూ తెలియవు.

ఇక మన ఇయాదత్ సంగతి. నేను వ్యాధిగ్రస్తుడనైతే నీవెందుకు రాలేదని ప్రళయదినాన అల్లాహ్ తన దాసుని ప్రశ్నిస్తాడన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. అది విని మనం యాపిల్ పండ్ల సంచితో వెళ్తాము. మంచం చుట్టూ పదిమందిమి చేరి, అదే జబ్బుతో లోగడ ఎవరెవరు పోయారో చెప్పుకుంటాము. రోగి వింటూనే ఉంటాడు. ఆ సమయంలో అతని భార్య ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని, ఏ డెస్కు దగ్గరకు వెళ్ళాలో తెలియక మెట్లెక్కి దిగుతూ ఉంటుంది. మనలో ఒక్కరు లేచి ఆ కాగితాలు అందుకుని, ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని, ఆమెను కాసేపు కూర్చోబెడితే అదీ ఇయాదతే.

తెలుగూ ఉర్దూ రెండూ చదవగలిగినవారు, వారంలో ఒక పూట ఇవ్వగలిగినవారు మనకు కావాలి. పర్దా పాటించే స్త్రీలకు తోడుగా వెళ్ళడానికి మీ ఇళ్ళలోని చదువుకున్న ఆడపిల్లలను కూడా అడగండి. సున్నత్‌లు ముగిశాక వుజూఖానా పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చుంటాము. ఆ వృద్ధురాలిని వచ్చే మంగళవారం మళ్ళీ చూపించవలసి ఉన్నది. ఫజ్ర్ తరువాత బయలుదేరుతాము. కుమారునికి ఆ రోజు సెలవు దొరకలేదు, ఆమెతో పాటు వరుసలో నిలబడడానికి ఇంకొకరు కావాలి.