పాత పటములలో పారవశ్యము

చోడవరము విశాఖపట్నం జిల్లాలో చేరియుండిన రోజులలో (2022 నుండి అది అనకాపల్లి జిల్లాలోనిది) మా మేనత్తగారి భోషాణమున మాకొక ఛాయాచిత్రము దొరికినది. అమ్మవారి పండుగలో పూనకము వచ్చిన స్త్రీ. విరబోసిన జుట్టు, అరమోడ్పు కనులు, ప్రక్కన ఎవరి చేతనో వేపమండ. “ఎవరత్తయ్యా?” అని అడిగితిమి. “అమ్మవారు” అని మాత్రము చెప్పి ఆమె పటమును బోర్లించెను.

ఇతరులు తీసిన ఛాయాచిత్రములను ఏరి తెచ్చి, స్వప్నము, ఆవేశము, సమాధి మొదలగు చిత్తావస్థలను చూపు కళ యొకటి పాశ్చాత్యదేశములందు కలదు. 1933లో సాల్వడార్ డాలీ ‘మినోటార్’ పత్రికలో పారవశ్యమును గూర్చి యొక కూర్పు ప్రకటించెను. మూతపడిన కనులు, తెరచిన పెదవులు, వాని నడుమ విడి చెవులు! లండనులో పనిచేసిన సూసన్ హిల్లర్, 2008లో, అంతర్జాలమున ఏరిన చిత్రములతో గాలిలో తేలు మనుష్యులను, రంగుల కాంతి క్రమ్మిన ముఖములను వరుసలు తీర్చెను. ఇది నిజము, ఇది కల్పన అని ఆమె తీర్పు చెప్పలేదు. ఆ సంయమనము మాకు నచ్చినది.

మమ్ము బాధించునది వేరొకటి. 1928లో బ్రెటన్, అరగాన్ కవులు తమ పత్రికలో అగస్టీన్ అను బాలిక చిత్రములను అచ్చువేసిరి. అవి 1870ల దశకమున, పారిస్ నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో, షార్కో వైద్యుని కాలమున తీసినవి. వైద్యులు ఆ మూర్ఛలో రోగలక్షణమును చూచిరి. కవులు కవిత్వమును చూచిరి. ఆ పిల్ల మాత్రము 1880లో పురుషవేషము వేసికొని ఆసుపత్రినుండి పారిపోయినది. పటమును చూచువారికి ఆ పరుగు కనబడదు.

డప్పులమోతయు వినబడదు. శబ్దముతో బ్రతుకువారము గనుక ఇది మాకు పెద్దలోపముగా తోచుచున్నది కాబోలు! పూనకమునకు డప్పే ప్రాణము; అది లేనిచో మిగులునది ఒక అలసిన ముఖము. ఆ అవస్థ లోపల ఎట్లుండునో కెమెరా ఎరుగదు. అయినను ఆ ముఖమునుండి చూపు మరల్చుకొనలేము. ఈ కళకు గల బలమంతయు అదియే.

చిత్రకళ నేర్చుచున్న మా మేనల్లుడొకడు అత్తయ్య పటమును అడుగుచున్నాడు. పెద్దదిచేసి ప్రదర్శనలో పెట్టునట. అత్తయ్య ఇప్పుడు లేదు. ఆ స్త్రీ ఎవరో, ఆమె పిల్లలున్నారో లేదో తెలిసికొనక ఈయలేమని చెప్పితిమి. వచ్చు ఆదివారము పటమును సంచిలో పెట్టుకొని ఇద్దరమును చోడవరము పోవుచున్నాము. ఆమెను గుర్తుపట్టు వృద్ధులు ఇంకను ఒకరిద్దరు ఉన్నారని విన్నాము.